ఎదురుచూపు ముడి

ధవళసైకతం పేరు వినని మనిషి కేతకీపుర రాజ్యంలో లేడు. చూసి తిరిగొచ్చిన మనుషులను లెక్కపెట్టడానికి మాత్రం ఒక చేతి వేళ్ళు ఎక్కువ.

తూర్పు సముద్రం నడుమ, సూదంటురాళ్ళ కొండలు చుట్టూ కంచె కట్టిన దీవి అది. ఆ దీవి పడమటి ఒడ్డున నెలవంకలా వంపు తిరిగి, క్రోసెడు పొడుగున పరుచుకున్న తెల్లని ఇసుక. అక్కడి నీళ్ళు నెమలికంఠం రంగట, అక్కడి గాలి మొగలిపూల వాసనట, అక్కడ ఒక్కసారి నడిచినవాడి కంటికి ఇంకే దేశమూ ఆనదట. ఈ అటలన్నీ ఆస్థానకవులు కట్టినవి. వాళ్ళేమో ఇంటిముందు కాలవ దాటాలన్నా మనిషి తోడు అడిగే రకం. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందన్న సామెత వాళ్ళను చూసే పుట్టి ఉంటుంది. అయినా పాటకున్న బలం అంతా ఇంతా కాదు. రాజుల కొలువుల్లో 'ధవళసైకతం చూశాను' అని చెప్పగలిగినవాడు పక్కవాడికన్నా జానెడు ఎత్తు పెరిగి కూచునేవాడు.

ఆ జానెడు ఎత్తు మీది మోజుతోనే యువరాజు జయకేతనుడు నిరుడు, కార్తీకం వెళ్ళిన మర్నాటి పాడ్యమినాడు, ఆ తీరం మీద కాలు పెట్టాడు. క్షేమంగా తిరిగి వచ్చాడు కూడా. ఊరంతా తోరణాలు కట్టి ఆయనను ఏనుగు మీద ఊరేగించారు. మూడోనాడు ఆయన ఉద్యానవనంలో, తోటమాలి అప్పుడే తడిపిన మడిలో అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు. తోటమాలి దణ్ణం పెట్టాడు, వంగినవాడు మడిలోకి చూశాడు, చేతిలో కుండ వదిలేశాడు. తడిమట్టి అలికినట్టు నున్నగా ఉంది. యువరాజు నడిచిన మేర ఒక్క అడుగు పడలేదు.

ఆనాటినుంచి మనిషి తరిగిపోవడం మొదలైంది. తెల్లవారేసరికి ఆయన పక్కమీద గుప్పెడు తెల్లయిసుక ఉండేది. దాసీలు ఊడ్చి పారబోసేవారు, మర్నాడు మళ్ళీ గుప్పెడు. తొమ్మిది నెలలు తిరిగేసరికి దీపానికి చెయ్యి అడ్డం పెడితే వేళ్ళలోంచి వెలుతురు కనిపించసాగింది. పొద్దస్తమానం తూర్పు కిటికీ దగ్గర కూచుని, ఎవరితోనో చెబుతున్నట్టు, "అక్కడ నడుస్తున్నాను" అనేవాడు. వైద్యులు వాతమన్నారు, జ్యోతిష్కులు శని అన్నారు, భూతవైద్యుడు మూడు మేకలు పుచ్చుకుని ఆ సాయంత్రమే ఊరు వదిలి ఉడాయించాడు.

యువరాజు చెల్లెలు కువలయినికి ఇరవయ్యేళ్ళు. అన్న ప్రయాణమయ్యే ముందు ఆమె అంతఃపురానికి వచ్చి, పడవకు ఒక ముడి వెయ్యాలట, సొంత మనుషులే వెయ్యాలట, నువ్వు వచ్చి వెయ్యి అని అడిగాడు. తననూ తీసుకెళ్ళమని ఆమె అప్పటికి నెల్లాళ్ళుగా పోరుతోంది. ఆయన ఒప్పుకోలేదు. అందుకని ఆమె మొహం తిప్పుకుని ఒక్క మాట అంది.

"నన్ను తీసుకెళ్ళనివాడికి నేనెందుకు ముడి వెయ్యాలి? కోటలో నీకు చేతులకేం కొదవ."

ఇప్పుడు అన్న పక్కమీది ఇసుకను ఆమె దాసీల చేత ఊడ్పించడం లేదు. రోజూ తానే రెండు చేతులతో ఎత్తి ఒక కుండలో పోస్తోంది. కుండ నిండే కొద్దీ ఆమె గుండె చెరువవుతోంది. తాను పంతానికి పోయి అన్నను చంపుకుంటోందని ఆమె మనసు చెబుతోంది. ఏం చేస్తే ఆ తప్పు దిద్దుకోవచ్చో మాత్రం తెలియదు. తెలిసిన చోటు లోకంలో ఒక్కటే ఉంది. అది పడవ కట్టిన పాలెం.

పాడ్యమి పన్నెండు రోజులుందనగా ఆమె మగవేషం వేసింది. చాకళ్ళ మూటల నడుమ కోట ద్వారం దాటింది. తండ్రి పంపిన రౌతులు వెంటపడితే మొగలిపొదల్లో దూరి, ముళ్ళు ఒళ్ళంతా చీరేస్తున్నా కిక్కురుమనకుండా ఒక పూటంతా పడుకుంది. శరభంగి నది దగ్గర గుండ్రటి పుట్టి పడవ నడిపేవాడు నడిమధ్యలో కత్తి తీసి మొలనూలు అడిగితే, వాడి కత్తి వాడి చేతిలో ఉండగానే పుట్టిని గిర్రున తిప్పి, వాడికి కళ్ళు తిరిగి కూలబడ్డాక తానే ఒడ్డు చేర్చింది. మూడో రోజు మధ్యాహ్నానికి పీచుపాలెం చేరింది.

పీచుపాలెంలో మేకు అన్న మాట వినిపించదు. అక్కడి పడవలన్నీ కుట్టు పడవలు. పలకకూ పలకకూ బెజ్జాలు వేసి, కొబ్బరిపీచు తాడుతో కుట్టి, సందుల్లో గుగ్గిలం కూరి, చేపనూనె పట్టిస్తారు. ఆమె వెళ్ళేసరికి ఒడ్డంతా పడవలు, తాళ్ళు, నానేసిన పీచు కుప్పలు. మనిషన్న వాడు మాత్రం లేడు. గుడిసెల తలుపులన్నీ మూసి ఉన్నాయి. నడినెత్తిన ఎండ కాస్తోంది, సముద్రం గాజులా మెరుస్తోంది, ఎక్కడా చప్పుడు లేదు.

అప్పుడు నీళ్ళ మీదినుంచి ఎవరో పిలిచారు. "చెల్లీ" అని. ఆ గొంతు జయకేతనుడిది.

కువలయిని నీళ్ళవైపు నాలుగడుగులు వేసింది. మోకాళ్ళ దాకా దిగింది. వెనకనుంచి ఒక ముసలి చెయ్యి ఆమె నడుం పట్టుకుని ఒడ్డుకు లాగి, గుడిసెలోకి ఈడ్చి తలుపు వేసింది. ఆ చెయ్యి నూకన్నతాతది. పాలెంలో పడవ కుట్టేవాళ్ళందరికీ ఆయనే పెద్ద. మిట్టమధ్యాహ్నం దీవిలో ఉన్నవాళ్ళు పిలుస్తారనీ, ఎవరి మనిషి వాళ్ళకే వినిపిస్తాడనీ, పలికితే ఇక అంతేననీ ఆయన గసిరాడు. ఎవరు పిలిచారని అడిగాడు. ఆమె మాట మార్చింది. తన పేరు కోనయ్య అనీ, కొండల కింది ఊరనీ, నా అన్నవాళ్ళు లేరనీ, చచ్చేలోపు ధవళసైకతం చూడాలని వచ్చాననీ ముందే కట్టుకొచ్చిన కథ అప్పజెప్పింది.

తాత నవ్వాడు. ఏటా నీలాటి పిచ్చోళ్ళు ఒకరిద్దరు వస్తూనే ఉంటారు, గంజి తాగి వెనక్కి పోతారు అన్నాడు. ఆమె కదలలేదు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ కాబట్టి, ఆయన విసుక్కుంటూనే చెప్పుకొచ్చాడు. దారిలో సూదంటురాళ్ళు ఇనుమన్నదాన్ని ఎంత దూరాన్నుంచైనా లాగేస్తాయి కనక మేకున్న పడవ పనికిరాదు. ఏడాదిలో ఒక్క పాడ్యమినాడు, పొద్దుపొడుపు మొదలు మధ్యాహ్నం దాకా, దీవి చుట్టూ సముద్రం ఊపిరి బిగబడుతుంది. వెళ్ళాలన్నా రావాలన్నా ఆ వ్యవధిలోనే. పడవకు ఒక్కడే చూడవచ్చినవాడు. చుక్కాని పట్టేవాడు ఇసుక మీద కాలు పెట్టడు కనక వాడు లెక్కలోకి రాడు. ఇక ఆఖరిది ముడి. పడవ ముక్కు దగ్గర చివరి కుట్టు వదిలేసి ఉంచుతారు. వెళ్ళేవాడి కోసం ఒడ్డున ఎదురుచూసే మనిషి వచ్చి అక్కడ ముడి వెయ్యాలి. ఆ ముడే పడవను వెనక్కి తెస్తుంది.

నిరుడు వెళ్ళిన యువరాజు ముడి వేయించుకునే వెళ్ళాడుగా, మరి ఆయనకెందుకలా అయిందని కువలయిని నెమ్మదిగా అడిగింది.

"ఆ బాబుకి ముడేసినోడు మంత్రి," అన్నాడు తాత. "మంత్రికి కావాల్సింది సింవాసనం మీద కూకునే మనిసి. ఆ మనిసే తిరిగొచ్చాడు. నవ్వుకుంటా నడిసొచ్చే కుర్రోణ్ణి ఎవులూ ఎదురు సూడనేదు. ఆడు అక్కడే ఉండిపోనాడు. ఎంత ఎదురు సూత్తే అంతే వొత్తాది బాబూ, ఆ దీవి నుంచి."

కువలయినికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తలపాగా సర్దుకుంటున్నట్టు మొహం తుడుచుకుంది. ఇప్పుడేం చేస్తే ఆయన బతుకుతాడంది. తాత ఆమెను ఎగాదిగా చూశాడు. ఆయన సొంత మనిషెవరైనా వెళ్ళి, అక్కడ ఉండిపోయిన ఆయన అడుగులను పిలిచి, వెంటబెట్టుకుని పడవెక్కించుకు వస్తే బతుకుతాడన్నాడు. ఏడాది తిరిగే పాడ్యమి మధ్యాహ్నం దాటితే మనిషి మొత్తం ఇసుకేనన్నాడు. అంటే ఇంక తొమ్మిది రోజులు.

ఆ తొమ్మిది రోజులూ ఆమె పడవ కుట్టింది. పాలెంలో ఉన్న పడవలన్నీ చేపలవేట పడవలు, అంత దూరం ఆగవు, కొత్తది కట్టాల్సిందే. పలకలు పట్టుకుంది, గుగ్గిలం దంచింది, తాడు లాగి లాగి అరచేతులు పుళ్ళు పడితే గుడ్డ చుట్టి మళ్ళీ లాగింది. రాచబిడ్డకు పని చేతకాదనుకునేవాళ్ళు వచ్చి చూడవలసింది. చుక్కాని పట్టడానికి ఎర్రయ్య ఒప్పుకున్నాడు. నిరుడు యువరాజును తీసుకెళ్ళినవాడు అతనే. ముప్ఫయ్యేళ్ళవాడు, మాటకు పొదుపు. కువలయిని బస కూడా వాళ్ళింట్లోనే.

ఎర్రయ్య తల్లి నీలమ్మ. ఆమె మొగుడు దాలయ్య, ముప్ఫయ్యేళ్ళ కిందట, ఎర్రయ్య ఐదు నెలల కడుపులో ఉండగా, ధవళసైకతం చూసి వస్తానని పోయి మరి రాలేదు. అప్పట్లో అతనికి తల్లి ముడి వేసింది. పడవ దీవిలో ఉండగానే ఆ తల్లి ఒడ్డున పాము కరిచి చచ్చిపోయింది. ముడి వేసి ఎదురుచూసే మనిషి లేకపోయేసరికి పడవ అతను లేకుండానే వచ్చింది. పన్నెండేళ్ళు గడిచాక పాలెం ఆచారం ప్రకారం దర్భలతో బొమ్మ చేసి, దాలయ్య పేరు పెట్టి, దహనం చేసి కర్మ జరిపించారు. ఆ బొమ్మకు నిప్పు అందించినవాడు నూకన్నతాతే. నీలమ్మ ఆ రోజున కూడా పెద్దగా ఏడవలేదని చెప్పుకుంటారు. రోజూ మధ్యాహ్నం ఆమె చూరుకింద ముంతలో గంజి పెట్టి మూత వేస్తుంది. ఎవరికని అడిగితే కాకులకంది. మూత వేసిన గంజి ఏ కాకి తాగుతుందని అడగడం కువలయినికి తోచలేదు. ఆమె మనసంతా పాడ్యమి మీదే ఉంది.

పడవ సిద్ధమైంది. ముక్కు దగ్గర ఒక్క కుట్టు మిగిలింది. ఎవరూ లేనివాడికి ముడి ఎవరు వేస్తారని తాత తల పట్టుకున్నాడు. కువలయిని తాను చెప్పిన అబద్ధంలో తానే చిక్కుకుంది. నిజం చెబితే తాత పాలెం కట్టుబాటు ప్రకారం రాజుగారికి కబురు పెడతాడు, చెప్పకపోతే ముడి లేదు.

అప్పుడు నీలమ్మ గుమ్మంలోంచి లేచి వచ్చింది. ఎవరూ లేని పిల్లాణ్ణి కడుపున వేసుకునే పద్ధతి పాలెంలో ఒకటుంది. గంజిలో మూడు ముద్దలు కలిపి చేత్తో తినిపించి, పమిట కొంగు తలమీద కప్పితే బిడ్డ అయినట్టే. నేను తల్లినై ముడి వేస్తాను, నా బిడ్డ కోసం ఎదురుచూస్తాను అంది. పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముడి వేసే మనిషికి వేరే ఎదురుచూపు ఉండకూడదు. కట్టుబాటు ప్రకారం తాత మూడుసార్లు అడిగాడు, నీ గుమ్మంలో ఇంకెవరి కోసమైనా ఎదురుచూపు ఉందా అని. మూడుసార్లూ ఆమె నేదంది. దర్భబొమ్మను కాల్చి పద్దెనిమిదేళ్ళయింది, ఇంకేం ఎదురుచూపని పెద్దలు తలూపారు. కాలిన దర్భల్ని నమ్మారు గాని మనిషి మొహంలోకి ఎవరూ చూడలేదు.

కొంగు కప్పినప్పుడు నీలమ్మ ఆమె చెవిలో, ఆడపిల్లవని నాకు మొదటి రోజే తెలుసమ్మా, పీచు ఒళ్ళో వేసుకుని ఏరావు, మగాళ్ళు అలా ఏరరు అంది. కువలయిని ఆ కొంగుకింద ఎందుకో తల్లి ఒడిలో ఉన్నట్టే ఊరడిల్లింది. నీలమ్మ ఎడమచేత్తో ముడి వేసింది. వేసేటప్పుడు ఆమె పెదవులు కదిలాయి. ఏ దేవుణ్ణి తలుచుకుందో అనుకున్నారు.

పాడ్యమి పొద్దు పొడిచింది. సముద్రం నిజంగానే ఊపిరి బిగబట్టింది. అల లేదు, నురగ లేదు. తెడ్డు వేసిన చోట పడిన సుడి అలాగే నిలిచి ఉంది, వెనక్కి తిరిగి చూస్తే వాళ్ళు వచ్చిన దారంతా సుడుల వరస. ఒడ్డు కనుమరుగయ్యాక కువలయిని తలపాగా విప్పి తానెవరో ఎర్రయ్యకు చెప్పేసింది. అతను చుక్కాని మీదినుంచి చూపు తిప్పకుండానే, నిరుడు జరిగిన ఒక సంగతి చెప్పాడు. యువరాజు ఇసుక మీద తిరుగుతుంటే తాను పడవలో కూచున్నాడట. ఒక జత అడుగులు, మనిషి లేకుండా, నీటి అంచుదాకా నడిచి వచ్చి తన ఎదురుగా నిలబడ్డాయట. బయల్దేరేదాకా అలాగే నిలబడి ఉన్నాయట. ఎవరివో తెలీదు, భయం మాత్రం వెయ్యలేదు అన్నాడు.

అంతలో సూదంటురాళ్ళు వచ్చాయి. ఏనుగుల గుంపు నీళ్ళలో మునిగి వీపులు మాత్రం పైకి పెట్టినట్టున్న నల్లని కొండలు. వాటి ఒంటినిండా మేకులు, లంగర్లు, తుప్పుపట్టిన కత్తులు, ఒకచోట ఇనపకవచం తొడుక్కున్న ఎముకలగూడు. రెండు కొండల సందులోకి దూరగానే కుట్టు పడవ పక్కకు ఒరిగింది. తెడ్డు వేసినా నిలవలేదు. కొండవైపు జరజరా జారిపోసాగింది. ఇనుమేదో ఉంది అమ్మగోరూ, పారెయ్యండి అన్నాడు ఎర్రయ్య. కువలయిని నడుము బట్టలో చిన్న బాకు దాచుకుంది. పన్నెండో ఏట అన్న ఇచ్చిన బాకు అది, ప్రాణం పోయినా వదలకూడదనుకుంది. నడుము బట్ట విప్పేలోపే బాకు దాన్ని చీల్చుకుని ఎగిరింది. ఆమె నడుం మీద గీత పెట్టి, పడవ అంచు చెక్క ఒకటి లేపేసుకుని, పోయి కొండకు టంగున అతుక్కుంది. పడవ విదిలించుకుని సందు దాటింది. అప్పటికి కొండ జానెడు దూరంలో ఉంది.

కొండలు దాటగానే ధవళసైకతం. కవులు చూడకపోయినా అబద్ధం చెప్పలేదు. నెమలికంఠం నీళ్ళ అంచున ఇసుక పాలమీగడలా మెరుస్తోంది, వెనక మొగలిపొదలు పూసి వాసన ముంచెత్తుతోంది, ఆకాశం ఉతికి ఆరవేసినట్టుంది. ఆ అందానికి కువలయినికి ఒక్క క్షణం అన్న కూడా గుర్తు రాలేదు. మరుక్షణం ఇసుక మీదికి చూసి చన్నీళ్ళు పోసినట్టు బిగుసుకుపోయింది.

తీరమంతా అడుగులే. వందలు, వేలు. చెప్పుల అడుగులు, వట్టికాళ్ళ అడుగులు, అందెలు రాసుకున్న ఆడవాళ్ళ అడుగులు, ఒక పక్కన గుర్రపు డెక్కల గుర్తులతో సహా. అవి పడి ఉన్నవి కావు, నడుస్తున్నాయి. ఇసుక మెత్తగా అణుగుతూ ఒకదాని ముందు ఒకటి పడుతోంది. పడవను చూసి అన్నీ ఒక్కసారి ఆగాయి. వేళ్ళన్నీ ఇటు తిరిగాయి. తరవాత నలువైపుల నుంచీ నీటి అంచుకు రాసాగాయి, సంతలో సరుకు దిగినప్పుడు జనం మూగినట్టు. గొంతు లేదు, ఊపిరి లేదు, ఇసుక కరకర తప్ప ఏ చప్పుడూ లేదు.

కువలయిని ఇసుక మీద దిగింది. జయకేతనుడు చిన్నప్పుడు గుర్రం మీదినుంచి పడ్డాడు, ఎడమ మడమ ఈడుస్తాడు. ఆ గీత కోసం ఆమె వంగి వంగి వెతుకుతూ, అన్నయ్యా అన్నయ్యా అని పిలుస్తూ పోయింది. అడుగులు ఆమెకు దారి ఇచ్చి తప్పుకున్నాయి. పొద్దు నడినెత్తికి ఇంకా బారెడుంది. క్రోసు సగం తిరిగినా ఆ గీత కనబడలేదు.

వెనక ఎర్రయ్య కేక వేశాడు. ఆమె తిరిగి చూసి పరుగున వచ్చింది.

ఒక జత అడుగులు పడవ ముక్కు దగ్గరకు వచ్చి ఆగాయి. గాలిలో ఏదో తడుముకుంటున్నట్టు ముడి మీది పీచు కదిలింది. ముడిని తాకిన చోట ముందు వేళ్ళు కనిపించాయి. తరవాత ముంజెయ్యి, మోచెయ్యి, భుజం. నీళ్ళలోంచి వల పైకి లాగుతుంటే బయటపడినట్టు, మెల్లగా ఒక మనిషి మొత్తం బయటపడ్డాడు. పాతికేళ్ళు లేవు. ఒంటినిండా తడి, జుట్టునిండా తెల్లయిసుక.

"ఇది మా నీలి ఏసిన ముడి," అన్నాడతను. "అది ఎడంసేత్తో ఏత్తాది. నాకు తెలీదేటి." పడవ ఎక్కి ముక్కు దగ్గర కూచున్నాడు. ఎర్రయ్యను తేరిపార చూశాడు. "నువ్వెవులయ్యా? అచ్చం మా అయ్య పోలికున్నావు."

ఎర్రయ్య చుక్కాని వదిలి లేచి నిలబడ్డాడు. "నాను నీ కొడుకుని," అన్నాడు.

"నా కొడుకింకా పుట్టనేదు," అన్నాడు దాలయ్య.

కువలయినికి అప్పుడర్థమైంది. నీలమ్మ పెదవుల మీద కదిలింది ఏ దేవుడి పేరూ కాదు. మూడుసార్లు నేదు అని చెప్పిన నోటితోనే ఆమె మొగుణ్ణి పిలిచింది. ముప్ఫయ్యేళ్ళు మూత వేసి దాచిన ఎదురుచూపంతా ఆ ముడిలో బిగించింది. మోసం చెయ్యాలని కాదు. కొంగు కప్పినప్పటి ప్రేమ అబద్ధం కాదని కువలయినికి తెలుసు. కాని పదిరోజుల ప్రేమ ముప్ఫయ్యేళ్ళ ఎదురుచూపు ముందు ఏపాటిది? పడవ తీసుకుపోయేది దాలయ్యనే.

పడవ దానంతటదే కదిలింది. ముక్కు ఒడ్డునుంచి పడమటికి తిరిగింది. కువలయిని నీళ్ళలోకి పరుగెత్తి ముడిని రెండు చేతులా పట్టుకుని, దిగు అని ఆజ్ఞాపించింది, దిగమని బతిమాలింది. తన అన్న ప్రాణం మధ్యాహ్నం దాకానే అని చెప్పింది. దాలయ్య కళ్ళల్లో జాలి ఉంది గాని లేవలేదు, లేవలేడు. ముడికి అతుక్కున్న అతని చెయ్యి అతని స్వాధీనంలో లేదు. కువలయిని ముడికి పళ్ళు ఆనించింది. ఇది తెగితే చాలు, ఈ పడవ ఎవరిదీ కాదు. చేదుగా పీచు నోట్లోకి వచ్చింది. చివరి కుట్టు విడిస్తే పలకలన్నీ విడతాయి, నడిసముద్రంలో ఈ తండ్రీ ఈ కొడుకూ మునుగుతారు, ఒడ్డున ఒక మనిషి గంజిముంత పక్కన కూచుని ఉంటుంది. ఆమె నోరు తీసేసింది. కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది, దాచుకోలేదు.

"అమ్మగోరూ, ఎక్కండి," అన్నాడు ఎర్రయ్య చెయ్యి చాచి. "మీరైనా రండి. బరువు మొయ్యదని ఎవులూ సెప్పనేదు."

నీళ్ళు ఆమె నడుం దాకా వచ్చాయి. చెయ్యి అందేంత దూరంలోనే ఉంది. ఎక్కితే బతుకుతుంది. అన్నలాగే అడుగులు లేని మనిషై, ఆయన పక్కనే ఇంకో కిటికీ దగ్గర కూచుంటుంది. అప్పుడు వెనక ఇసుక మీద ఏదో ఈడ్చిన చప్పుడు వినిపించింది. ఒక అడుగు, ఒక ఈడ్పు. ఒక అడుగు, ఒక ఈడ్పు.

కువలయిని పడవ వదిలేసింది.

ఒడ్డుకు వచ్చేసరికి మిగతా అడుగులన్నీ దూరంగా జరిగి, నడుమ ఒకే ఒక జత నిలిచి ఉంది. ఎడమ మడమ వెనక చిన్న గీత. కువలయిని వాటికి ఎదురుగా మోకాళ్ళ మీద కూలబడింది.

"ముడి వెయ్యనన్నాను అన్నయ్యా. తప్పు నాదే," అంది. "నిరుడు నువ్వు తిరిగి వచ్చేదాకా తలుపు మూసుకుని నీ కోసమే ఎదురుచూశాను. నీకు చెప్పలేదు. ఇదిగో, వచ్చాను."

ఇసుక కదలలేదు. వెనక తెడ్డు చప్పుడు సన్నగిల్లి ఆగిపోయింది, ముడి లాక్కుపోయే పడవ పడమటి అంచున చుక్కై మాయమైంది. పొద్దు నడినెత్తికి వచ్చింది. సముద్రం పొద్దుటినుంచి బిగబట్టిన ఊపిరి ఒక్కసారి వదిలింది. సూదంటురాళ్ళ కొండల అవతల తెల్లని నీటిగోడ ఒకటి లేచి, కొండలను ముంచి, తీరంమీదికి వస్తోంది. అడుగులన్నీ చెల్లాచెదురుగా పొదలవైపు పరుగెత్తాయి. జయకేతనుడి అడుగులు కూడా పరుగెత్తాయి, ఎడమ మడమ ఈడ్చుకుంటూ. మొగలిపొదల మధ్య నల్లగా నోరు తెరిచిన సొరంగం ముందు అవి మాత్రం ఆగాయి. వెనక్కి తిరిగాయి. నీళ్ళు ఉరుముతూ వస్తున్నా లోపలికి పోకుండా, వేళ్ళు ఆమెవైపు పెట్టి, ఆమె వచ్చేదాకా అక్కడే నిలబడి ఎదురుచూశాయి.

కోటలో ఈపాటికి అన్న మొత్తం ఇసుకై ఉంటాడు, మిగిలింది ఈ అడుగులే. కువలయిని లేచి వాటివైపు పరుగెత్తింది.